ఆకలి నేర్పిన నవ్వు - చార్లీ చాప్లిన్

చార్లీ చాప్లిన్ ఎవరో తెలియనివాళ్ళు మన హాస్టల్లో ఉండరనుకుంటాను. బిగుతు కోటు, వదులు ప్యాంటు, పెద్ద బూట్లు, చిన్న టోపీ, చేతిలో వెదురు కర్ర, ముక్కు కింద చిటికెడు మీసం. స్కూల్ డే నాడు ఫ్యాన్సీ డ్రెస్ పోటీ పెడితే గాంధీ తాత పక్కన ఈ వేషం కూడా ఒకటి ఉండాల్సిందే. 'చంటబ్బాయ్' (1986) సినిమాలో చిరంజీవి కూడా ఈ వేషం కట్టి నవ్వించాడు. అయితే ఈ వేషానికి ప్రాణం పోసిన మనిషి ఏడేళ్ళ వయసులో సర్కారు వారి పేదపిల్లల బడిలో చేరి, గంట కొడితే లేచి, వరుసలో నిలబడి కడుపు నింపుకున్నవాడని చాలామందికి తెలియదు. వార్షికోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితం రాయమని అడిగినప్పుడు నాకు ముందుగా ఈయనే గుర్తుకు రావడానికి కారణం అదే.

చార్లెస్ స్పెన్సర్ చాప్లిన్ 1889 ఏప్రిల్ 16న లండన్‌లో పుట్టాడు. అతని జనన ధ్రువీకరణ పత్రం ఎంత వెతికినా దొరకలేదు. (కుల, ఆదాయ ధ్రువీకరణ పత్రాలు లేనిదే సీటు రాని మనకు ఈ సంగతి వింతగానే ఉంటుంది.) తల్లి హన్నా, తండ్రి చార్లెస్ ఇద్దరూ మ్యూజిక్ హాళ్ళలో పాటలు పాడేవాళ్ళు. మ్యూజిక్ హాలంటే పాట, ఆట, హాస్యం అన్నీ కలిపి టికెట్టు పెట్టి చూపించే నాటకశాల. తండ్రి తాగుడుకు బానిసై, చార్లీకి ఊహ తెలిసేసరికే ఇల్లు వదిలిపోయాడు. తల్లి, చార్లీ, నాలుగేళ్ళు పెద్దవాడైన అన్న సిడ్నీ మిగిలారు. సిడ్నీ తండ్రి వేరే ఆయన. కానీ ఆ అన్నదమ్ములు ఏనాడూ ఆ తేడా చూసుకోలేదు.

చార్లీకి అయిదేళ్ళప్పుడు ఆల్డర్‌షాట్ అనే చోట సైనికుల ముందు పాడుతుండగా తల్లి గొంతు జీరబోయి ఆగిపోయింది. జనం ఎగతాళి మొదలుపెట్టారు. మేనేజరు ఏం చేయాలో తోచక పక్కనే నిలబడ్డ చార్లీని వేదిక మీదికి తోశాడు. పిల్లవాడు పాట అందుకున్నాడు. సగం పాటలోనే చిల్లర నాణేలు వచ్చి పడసాగాయి. వెంటనే పాట ఆపి, ముందు డబ్బులు ఏరుకుని తర్వాత పాడతానని జనానికి చెప్పాడట! మేనేజరు కూడా ఏరడానికి సాయం వస్తే, ఆయన ఎక్కడ దాచేసుకుంటాడోనని వెంటబడి, అవి తల్లి చేతికి చేరాకే తిరిగొచ్చి పాడాడు. జనం పడిపడి నవ్వారు. పిల్లవాడు చేసింది హాస్యం కాదు. ఇంట్లో పైసా లేదని వాడికి తెలుసు. తల్లికి అదే ఆఖరి ప్రదర్శన, కొడుక్కి అదే మొదటిది.

ఆ తర్వాత తల్లి కుట్టుపని పట్టింది. వాయిదాలు కట్టలేక కుట్టుమిషను పోయింది. 1896లో ముగ్గురూ వర్క్‌హౌస్‌లో చేరారు. దిక్కులేనివాళ్ళకు తిండి పెట్టి, బదులుగా పని చేయించుకునే సర్కారీ నిలయం అది. గేటు దాటగానే తల్లిని ఆడవాళ్ళ వైపు, పిల్లలను పిల్లల వైపు విడదీశారు. కొద్ది వారాలకే అన్నదమ్ములను రొట్టెల బండిలో ఎక్కించి లండన్ నడిబొడ్డుకు పన్నెండు మైళ్ళ దూరంలో ఉన్న హాన్‌వెల్ బడికి పంపారు. చార్లీ అక్కడ ఏడాదిన్నర ఉన్నాడు.

తమ్ముళ్ళూ, ఈ హాన్‌వెల్ సంగతి కాస్త వివరంగా రాయాలని నాకుంది. అక్కడ చిన్నవాళ్ళ విభాగం వేరు, పెద్దవాళ్ళ విభాగం వేరు. ఒకే గోడల మధ్య ఉన్నా అన్నదమ్ములు కలుసుకోవడం కష్టం. సిడ్నీకి వంటగదిలో పని పడింది. రొట్టెను మధ్యకు కోసి అందులో వెన్నముద్ద పెట్టి తమ్ముడికి చాటుగా అందించేవాడు. చార్లీ దాన్ని స్వెట్టరు కింద దాచుకుని వెళ్ళి ఇంకో పిల్లవాడితో పంచుకు తినేవాడు. మెస్ కిటికీ దగ్గర మనలో ఎందరికి ఎందరు అన్నలు ఇలా అందించలేదు! కొన్నాళ్ళకు సిడ్నీని నావికుల శిక్షణ ఓడకు పంపించేశారు. చార్లీ ఒంటరివాడయ్యాడు. తలలో తామర వస్తే గుండు గీసి, అయోడిన్ పూసి, తల చుట్టూ గుడ్డ కట్టి, వేరే గదిలో ఉంచారు. కిటికీలోంచి కిందికి చూడటానికి కూడా సిగ్గుపడేవాడట. ఎందుకంటే ఆ జబ్బు వచ్చినవాళ్ళను మిగతా పిల్లలు అసహ్యంగా చూసేవాళ్ళు. తల్లి చూడటానికి వచ్చినప్పుడు ఆ తలను అలాగే దగ్గరికి తీసుకుని ముద్దు పెట్టుకుంది.

అక్కడ శుక్రవారం శిక్షల రోజు. ఒకసారి మరుగుదొడ్డిలో ఎవరో కాగితాలు అంటించారు. ఆ సమయానికి లోపలికి వెళ్ళిన చార్లీ మీదికి నేరం వచ్చింది. అందరి ముందు నిలబెట్టి, చేశావా లేదా అని అడిగితే, కంగారులో చేశానని చెప్పేశాడు. మూడు బెత్తం దెబ్బలు తిన్నాడు. చేయని తప్పు ఎందుకు ఒప్పుకున్నావని తర్వాత అన్న అడిగితే చెప్పడానికి వాడి దగ్గర జవాబు లేదు. పెద్దయ్యాక అతని సినిమాలు చాలావాటిలో పోలీసు కనబడగానే తప్పు చేయకపోయినా ముందు పరుగు లంకించుకునే ఒక మనిషి ఉంటాడు. చూసినప్పుడల్లా నాకు ఈ శుక్రవారమే గుర్తుకొస్తుంది. తన పేరు రాయడం నేర్చుకున్నది కూడా ఆ బడిలోనే. రాసిన పేరు చూసుకుని అది అచ్చం తనలాగే ఉందని మురిసిపోయాడట.

1898లో బయటికి వచ్చారు. మళ్ళీ అదే ఏడు లాంబెత్ వర్క్‌హౌస్ గడప తొక్కారు. పిల్లలను నార్‌వుడ్ అనే చోటి బడికి పంపారు. ఒకరోజు తల్లి, నేను వెళ్ళిపోతాను, నా పిల్లలను నాకు ఇప్పించండని అధికారులను అడిగింది. ముగ్గురూ గేటు బయట కలుసుకున్నారు. సిడ్నీ దగ్గరున్న తొమ్మిది పెన్నీలతో చెర్రీ పళ్ళు కొనుక్కుని కెన్నింగ్టన్ పార్కులో కూర్చుని తిన్నారు. పాత పేపరును బంతిలా చుట్టి ఆడుకున్నారు. సాయంత్రం టీ వేళకు మళ్ళీ వర్క్‌హౌస్‌కు వచ్చి చేర్చుకోమన్నారు. అధికారులకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళ బట్టలన్నీ మళ్ళీ ఆవిరి పట్టించాలి కదా! ఒక్కరోజు కలిసి ఉండటానికి ఆ తల్లి వేసిన ఎత్తు అది. హన్నా గొప్ప నటి కాలేకపోయింది గానీ కిటికీ దగ్గర కూర్చుని వీధిలో పోయేవాళ్ళ నడక, ముఖం చూసి వాళ్ళ కథ అభినయించి చూపేదట. మనిషిని చూడటం చార్లీ నేర్చుకున్నది ఆమె దగ్గరే.

ఆ ఏడే ఆమెకు మతి చలించి ఆసుపత్రిలో చేర్చారు. కోలుకుంది, మళ్ళీ తిరగబెట్టింది. 1903లో పద్నాలుగేళ్ళ చార్లీ తల్లిని తానే నడిపించుకుంటూ ఆసుపత్రికి తీసుకువెళ్ళాడు. తిండిలేక ఆమె అడుగులు తడబడుతుంటే దారినపోయేవాళ్ళు తాగి తూలుతోందనుకున్నారు. సిడ్నీ అప్పుడు ఓడ మీద ఎక్కడో సముద్రంలో ఉన్నాడు. తండ్రి 1901లోనే తాగుడుతో పోయాడు.

ఈ మధ్యకాలంలో చార్లీ చేయని పని లేదు. 'ఎయిట్ లాంకషైర్ లాడ్స్' అనే పిల్లల బృందంలో చెక్క బూట్లతో నృత్యం చేశాడు. పేపర్లు అమ్మాడు, ప్రెస్సులో పని చేశాడు, బొమ్మలు చేశాడు. 1903లో షెర్లాక్ హోమ్స్ నాటకంలో పనికుర్రాడి వేషం దొరికింది. అప్పటికి చదవడం సరిగా రాదు. ఆ రోజుల్లోనే ఇంకో నాటకం కోసం, సిడ్నీ చదివి వినిపిస్తుంటే ముప్ఫై అయిదు పేజీల పాఠం మూడు రోజుల్లో కంఠస్థం చేశాడు. 1908లో అన్న సిఫారసుతో ఫ్రెడ్ కార్నో హాస్య నాటక కంపెనీలో చేరాడు. అక్కడ అతనికి పేరు తెచ్చిన వేషం తాగుబోతు వేషం! తండ్రిని తాగుడు మింగేసిన పిల్లవాడు, తల్లిని తాగిందనుకుని లోకం నవ్విన పిల్లవాడు, ఆ తూలే నడకనే పట్టుకుని వేల మందిని నవ్వించాడు. ఇది నా ఊహే కావచ్చు గానీ ఆ తూలే నడకలో ఎక్కడా వెకిలితనం లేకపోవడానికి కారణం అదేననిపిస్తుంది.

కార్నో కంపెనీతో 1910లో, మళ్ళీ 1912లో అమెరికా వెళ్ళాడు. 1913 చివర్లో కీస్టోన్ సినిమా కంపెనీ వారానికి 150 డాలర్ల జీతానికి పెట్టుకుంది. 1914లో ఒకరోజు యజమాని మాక్ సెనెట్ ఏదైనా తమాషా వేషం వేసుకుని రమ్మన్నాడు. చార్లీ గబగబా దొరికిందల్లా తగిలించుకున్నాడు. ప్యాంటు వదులు, కోటు బిగుతు. టోపీ చిన్నది, బూట్లు పెద్దవి. అన్నీ ఒకదానికొకటి పొసగనివే. నిజానికి మనలో చాలామందికి ఇందులో వింతేమీ లేదు. అన్న ప్యాంటు, బాబాయి చొక్కా వేసుకుని బడికి పోయినవాళ్ళం కదా! కానీ ఆ చాలీచాలని బట్టల మీద మెడకు టై, చేతికి కర్ర. బికారే, కానీ దొరబాబులా మసలుకుంటాడు. ఆ వేషం 1914 ఫిబ్రవరిలో తెరమీదికి వచ్చింది. రెండేళ్ళు తిరిగేసరికి అతని సంపాదన ఏడాదికి 6,70,000 డాలర్లు. అప్పటికి వయసు ఇరవై ఆరు.

అసలు ఆ మూకీ సినిమాల్లో ఏముందని నేటికీ నవ్వుతాం? మాట లేదు, రంగు లేదు. పైగా మనం టీవీలో చూసే పాత ప్రింట్లు చాలావరకు ఉండాల్సినదానికంటే వేగంగా పరుగెడతాయి. ఆ రోజుల్లో కెమెరాను చేత్తో తిప్పేవారు. సెకనుకు పదహారు, పద్దెనిమిది బొమ్మల వేగంతో తీసినదాన్ని తర్వాతి కాలంలో ఇరవై నాలుగు వేగంతో నడిపితే మనుషులు బొంగరాల్లా తిరుగుతారు. సరైన వేగంతో చూస్తే చాప్లిన్ ఎంత నిదానస్తుడో తెలుస్తుంది. కీస్టోన్‌లో మిగతావాళ్ళంతా పరుగెత్తి, గుద్దుకుని, పడిపోయేవారు. ఇతను పడేముందు ఒక క్షణం ఆగుతాడు. పడ్డాక మొట్టమొదట చేసే పని టోపీ సరిచేసుకోవడం. అతని సినిమాల్లో కెమెరా ఎక్కువగా తలనుంచి పాదం దాకా కనిపించేంత దూరంలో ఉంటుంది. ముఖం దగ్గరగా చూపితే ఏడుపు తెలుస్తుంది గానీ కాళ్ళ హాస్యం పోతుంది మరి. 'ది ఐడిల్ క్లాస్' (1921)లో భార్య వదిలి వెళ్ళిపోతుందన్న ఉత్తరం చదివి అటు తిరిగి నిలబడతాడు. భుజాలు అదిరిపోతుంటాయి. అయ్యో, ఎంత ఏడుస్తున్నాడో అనుకుంటాం. ఇటు తిరిగితే చేతిలో మందు కలిపే సీసా ఊపుతున్నాడు! దీనికి ఏ భాష కావాలి? అక్షరం రాని కూలీకీ, పెద్ద చదువులు చదివిన ప్రొఫెసరుకూ ఒకే క్షణంలో అర్థమవుతుంది.

పడటం, లేవటంలో అతనికంటే సాహసి బస్టర్ కీటన్ ఉన్నాడు. 1928లో విడుదలైన ఒక సినిమా కోసం నిజంగానే ఇంటి ముందుగోడ తన మీద పడుతుంటే కిటికీ ఖాళీలో నిలబడి బతికి బయటపడ్డాడు. ఒళ్ళు గగుర్పొడుస్తుంది. కానీ కీటన్‌ను చూసి ఆశ్చర్యపోతాం, చార్లీని చూస్తే మనవాడనిపిస్తుంది. ఇది నా అభిప్రాయం మాత్రమే.

చిన్నప్పుడు వాళ్ళ వీధి చివర కబేళా ఉండేది. ఒకరోజు ఒక గొర్రె తప్పించుకుని పరుగెత్తింది. పట్టుకోబోయి మనుషులు ఒకరిమీద ఒకరు పడుతుంటే వీధంతా నవ్వింది, చార్లీ కూడా నవ్వాడు. చివరికి దాన్ని పట్టుకుని తీసుకుపోతుంటే అసలు సంగతి తెలిసి, దాన్ని చంపేస్తారమ్మా అని ఏడుస్తూ తల్లి దగ్గరికి పరుగెత్తాడు. తన సినిమాల్లో నవ్వూ దుఃఖమూ కలిసిపోవడానికి బీజం అక్కడే పడిందేమోనని ముసలితనంలో తన ఆత్మకథలో రాసుకున్నాడు.

'ది కిడ్' (1921) చూస్తే ఈ మాట ఎంత నిజమో తెలుస్తుంది. 1919 జులైలో అతని మొదటి బిడ్డ పుట్టిన మూడు రోజులకే చనిపోయాడు. ఆ దుఃఖం ఆరకముందే ఈ సినిమా పని మొదలుపెట్టాడు. బికారికి వీధిలో ఒక పసిబిడ్డ దొరుకుతాడు. వాణ్ణి చిన్న పైకప్పు గదిలో పెంచుతాడు. పిల్లవాడు రాళ్ళు విసిరి అద్దాలు పగలగొడితే, వెనకే ఇతను అద్దాలు బిగించేవాడిగా వస్తాడు. ఇంతవరకూ నవ్వే. తర్వాత అనాథాశ్రమం వాళ్ళు బండి తెచ్చి పిల్లవాణ్ణి ఎత్తుకుపోతారు. జాకీ కూగన్ అనే ఆ బాలనటుడు బండిలోంచి చేతులు చాచి ఏడుస్తుంటే, ఇతను ఇళ్ళ కప్పుల మీదుగా పరుగెడతాడు. హాన్‌వెల్‌కు వెళ్ళిన రొట్టెల బండిని ఇరవై అయిదేళ్ళ తర్వాత చార్లీ దారిలోనే ఆపాడన్నమాట.

'గోల్డ్ రష్' (1925)లో మంచు తుఫానులో చిక్కుకుని ఆకలికి బూటు వండుకు తింటాడు. ఆ బూటును తీపి గల అతిమధురం ముద్దతో చేయించారు. మూడు రోజుల పాటు మళ్ళీ మళ్ళీ తీయడంతో నటుల కడుపులు చెడిపోయాయి. ఆ సన్నివేశంలో చార్లీ బూటు లేసులను సేమ్యాలా చుట్టుకుని, మేకులను ఎముకల్లా చీకుతాడు. ఆకలిని ఎగతాళి చేయడం కాదది, ఆకలి ముందు పరువు పోగొట్టుకోకుండా కూర్చోవడం.

మహనీయుల జీవితం రాసేటప్పుడు మంచి మాత్రమే రాసే అలవాటు మనకుంది. అది సరికాదు. చార్లీ వ్యక్తిగత జీవితంలో మచ్చలున్నాయి. 1924లో లీటా గ్రే అనే పదహారేళ్ళ అమ్మాయిని పెళ్ళి చేసుకోవాల్సిన పరిస్థితి తెచ్చుకున్నాడు. ఆ పెళ్ళి మూడేళ్ళకు కోర్టులో రచ్చయింది. సెట్ మీద కూడా కఠినుడు. తాను అనుకున్నట్టు వచ్చేదాకా ఎవరినీ వదిలేవాడు కాదు.

ఆ పట్టుదలకు 'సిటీ లైట్స్' (1931) ఒక ఉదాహరణ. 1927లో మాటల సినిమాలు వచ్చేశాయి. అయినా చార్లీ మాటలు లేకుండానే తీశాడు. పూలమ్మే గుడ్డిపిల్ల ఈ బికారిని ధనవంతుడని పొరబడాలి. మాట లేకుండా అదెలా? నెలల తరబడి తీసి, ఆపి, మళ్ళీ తీశాడు. చివరికి జవాబు కారు తలుపులో దొరికింది. బికారి రద్దీలో ఆగి ఉన్న కారులోంచి దూరి ఇవతలికి దిగుతాడు. తలుపు మూసిన చప్పుడు విని ఆ పిల్ల దొరగారు దిగారనుకుంటుంది. శబ్దం లేని సినిమాలో ఒక శబ్దం మీద కథంతా నిలబెట్టాడు!

ఆ సినిమా విడుదలకని 1931లో లండన్ వచ్చినప్పుడు హాన్‌వెల్ బడికి వెళ్ళాడు. భోజనశాలలో పిల్లల ముందు టోపీతో, కర్రతో ఆడి నవ్వించాడు. ఆ బల్లలు, ఆ గోడలు చూసి కదిలిపోయాడు. మళ్ళీ వస్తానని, సినిమా చూపించే యంత్రం బహుమతిగా తెస్తానని మాట ఇచ్చాడు. చెప్పిన రోజున యంత్రం వచ్చింది, పిల్లలందరికీ మిఠాయిలు, నారింజలు వచ్చాయి. అతను మాత్రం రాలేదు. తన మనుషులను పంపి తాను వేరే విందుకు వెళ్ళాడు. పిల్లలు ఎదురుచూసి నిరాశపడ్డారు. అక్కడికి రెండోసారి వెళ్ళడానికి మనసు ఒప్పలేదో, గొప్పవాళ్ళ విందే ముఖ్యమైందో! పూర్వ విద్యార్థులం వార్షికోత్సవానికి వస్తామని చెప్పి రాకపోతే తమ్ముళ్ళు ఏమనుకుంటారో ఇది చదివాకే నాకు బాగా తెలిసింది.

అదే ఏడు సెప్టెంబర్ 22న తూర్పు లండన్‌లోని ఒక పేదల పేటలో, రౌండ్ టేబుల్ సమావేశానికి వచ్చిన గాంధీగారిని కలిశాడు. గాంధీగారు అతని సినిమా ఒక్కటీ చూడలేదు. యంత్రాలను మీరెందుకు కాదంటారని చార్లీ అడిగాడు. ఇంగ్లండు యంత్రాల మీద ఆధారపడటం వల్లే మా దేశం బానిసైందని, అందుకే మా నూలు మేమే వడకాలని గాంధీగారు వివరించారు. ఆ తర్వాత అయిదేళ్ళకు 'మోడరన్ టైమ్స్' (1936) వచ్చింది. అందులో ఫ్యాక్టరీలో రోజంతా మరలు బిగించి బిగించి, పని ఆగినా చేతులు బిగిస్తూనే ఉండే కార్మికుడు చార్లీ. భోజన విరామం వృథా కాకుండా మనిషి నోట్లో తిండి కుక్కే యంత్రం కూడా ఉంది.

'ది గ్రేట్ డిక్టేటర్' (1940)లో హిట్లర్‌ను వెక్కిరించాడు. ఇద్దరూ ఒకే ఏడు, ఒకే నెలలో నాలుగు రోజుల తేడాతో పుట్టినవాళ్ళు. మీసం కూడా ఒకటే. తర్వాత అమెరికాలో అతనికి కమ్యూనిస్టు అన్న ముద్ర పడింది. 1952లో 'లైమ్‌లైట్' విడుదలకని ఓడలో లండన్ బయలుదేరగానే, తిరిగి దేశంలోకి రావడానికి అనుమతి రద్దు చేశారు. స్విట్జర్లాండులో స్థిరపడ్డాడు. ఇరవై ఏళ్ళకు 1972లో ఆస్కార్ వాళ్ళే పిలిచి గౌరవ పురస్కారం ఇస్తే, సభ అంతా లేచి నిలబడి పన్నెండు నిమిషాలు చప్పట్లు కొట్టింది. 1975లో ఇంగ్లండు రాణి సర్ బిరుదు ఇచ్చింది. 1977 డిసెంబర్ 25న నిద్రలోనే కన్నుమూశాడు. మర్నాటి ఏడాది దొంగలు డబ్బుకోసం అతని శవపేటికను ఎత్తుకుపోయారు. పదకొండు వారాలకు మొక్కజొన్న చేలో దొరికింది. ఈ సన్నివేశం తానే తీసి ఉంటే ఇంకా బాగా తీసేవాడు!

తల్లిని 1921లోనే అమెరికాకు తెచ్చి సముద్రం ఒడ్డున ఇల్లు ఇచ్చి 1928లో ఆమె పోయేదాకా చూసుకున్నాడు. చిన్నప్పుడు వాళ్ళను చేర్చుకున్న లాంబెత్ వర్క్‌హౌస్ భవనంలో కొంత భాగం ఇంకా నిలిచి ఉంది. 1998లో అందులోకి ఒక సినిమా మ్యూజియం వచ్చింది. పాత ప్రొజెక్టర్లు, పోస్టర్లు, సినిమా హాళ్ళ కుర్చీలు అక్కడ దాచారు. అప్పుడప్పుడు చాప్లిన్ మూకీలు కూడా వేస్తుంటారు.